కుసుమ టీచరుకు పోసిన అమ్మవారు

కుసుమకుమారి టీచరుకు రెండో కాన్పు తర్వాత రెండు బుగ్గల మీదా మంగు దిగింది. నిమ్మరసం, శనగపిండి, పచ్చి పాలు, రైల్వే కాలనీ పక్కన మలంచా బజారులో దొరికే గొట్టం క్రీములు అన్నీ అయ్యాయి. మంగు కదిలితే ఒట్టు. స్కూలు గ్రూపు ఫొటో తీసినప్పుడల్లా పొడుగాటి మాస్టారెవరా అని వెతుక్కుని ఆయన వెనక నిలబడేది. సైన్సు చెప్పే మనిషి ముఖం గురించి బెంగపెట్టుకుందని తెలిస్తే పరువేం కాను?

1994 వేసవి సెలవుల్లో, రైల్వే ఆఫీసులో క్లర్కయిన భర్త ఈశ్వరప్రసాద్ ఒక్కడికే చెప్పి, పాసు మీద కలకత్తా వెళ్లింది. అక్కడి చర్మం డాక్టరు కెమికల్ పీల్ అని చెప్పి ముఖానికి ఏదో యాసిడ్ బ్రష్షుతో రాశాడు. పచ్చిమిరపకాయ పులిమినట్టు మండింది. వారం పది రోజులు ఎండలోకి వెళ్లొద్దు, పొయ్యి దగ్గరకు పోవద్దు, ఊడే పొరను గిల్లొద్దు అన్నాడు. మూడో రోజుకల్లా ముఖం నల్లబడి పెచ్చులు కట్టింది.

ఆ రోజే పక్క క్వార్టరు జోగమ్మ పెరుగు గిన్నెతో లోపలికి వచ్చింది. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి పోయినాయన భార్య. అరవై దాటింది, చూపు సరిగా ఆనదు, మోకాళ్ల నొప్పులు. టీచరు ముఖం చూసి గిన్నె కింద పెట్టేసింది.

"అమ్మోరు పోసిందా తల్లీ?"

ఆటలమ్మ అనుకుందన్నమాట. కాదనడానికి ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అంటే కలకత్తా, యాసిడ్, ముఖం మీది మోజు అన్నీ బయట పడతాయి. టీచరు తల ఊపింది. ఆటలమ్మ వైరస్ వల్ల వస్తుందని ఏటేటా ఏడో తరగతికి బోర్డు మీద రాసి మరీ చెప్పే మనిషి!

ఇక చూడాలి జోగమ్మ హడావుడి. గుమ్మానికి వేపమండలు కట్టింది. పిల్లలిద్దర్నీ తన ఇంటికి తీసుకుపోయింది. తాలింపు ఘాటు అమ్మోరికి పడదని తన ఇంట్లో కూడా పోపు మానేసింది. రోజూ పొద్దున్నే చద్దన్నం, పెరుగు తెచ్చి పెట్టి, టీచరు కాళ్లకు దణ్ణం పెట్టుకుని వెళ్లేది. ఒంటి మీద అమ్మోరు ఉన్నన్నాళ్లూ ఆ మనిషి కూడా అమ్మోరే కదా. డాక్టరు వద్దన్నవీ అమ్మోరు వద్దన్నవీ ఇంచుమించు ఒకటే కావడంతో అబద్ధం నల్లేరు మీద బండిలా సాగింది. దణ్ణం పెట్టే వేళకు మాత్రం టీచరు కాళ్లు దుప్పట్లోకి లాక్కునేది. సిగ్గుతో చచ్చిపోయేది.

పదో రోజుకు పెచ్చులన్నీ రాలాయి. మంగు చాలామటుకు పోయి, చర్మం లేతగా బయటపడింది. క్వార్టర్ల వాళ్లంతా వచ్చి చూసి, ఒక్క మచ్చ పెట్టకుండా వెళ్లిందంటే అమ్మోరికి ఎంత దయో అనుకున్నారు. అసలు సంగతి అప్పుడు తెలిసింది. టీచరు ముఖాన మచ్చ పడకపోతే ఊళ్లోని పూరీ గేట్ నుంచి అమ్మవారి గుడిదాకా చెప్పుల్లేకుండా నడిచి ముర్రాట ఇస్తానని జోగమ్మ మొక్కుకుందట. మీ మోకాళ్లు సహకరించవంది టీచరు. వానలు పడ్డాక చూద్దామంది. నిజం ఒక్కటి తప్ప అన్నీ చెప్పింది.

జూన్ ఎండ. పసుపునీళ్ల ముర్రాట కుండ నెత్తిన పెట్టుకుని ముసలావిడ తారు రోడ్డు మీద నడిచింది. టీచరు గొడుగు ఆవిడ మీదికి పట్టబోతే, లేత ముఖం కందిపోతుందని జోగమ్మే దాన్ని వెనక్కి తోసింది. దారి పొడుగునా టీచరు మాత్రం గొడుగు నీడలోనే నడిచింది.

ఇంటికొచ్చి చూస్తే జోగమ్మ అరికాళ్లు బొబ్బలెక్కి, చిట్లి ఉన్నాయి. వాటిని ఒళ్లో పెట్టుకుని మందు రాస్తూ టీచరు ఇక ఆగలేకపోయింది. మంగు దగ్గర్నుంచి తల ఊపినదాకా ఏడుస్తూ అంతా చెప్పేసింది. నాలుగు తిట్టమని బతిమాలింది.

జోగమ్మ మెల్లిగా కాళ్లు వెనక్కి తీసుకుంది.

"ఈ మాట ఇంకెవరికీ సెప్పకమ్మా. నవ్వుతారు."

"నవ్వనీ పిన్నీ. నాకు అలాగే కావాలి."

"నిన్నేటికి నవ్వుతారు, సదువుకున్నదానివి. నన్ను సూసి నవ్వుతారు."

ఆ తర్వాత ఆ ముఖాన్ని ఎవరు మెచ్చుకున్నా, జోగమ్మ పక్కనుంటే, అంతా అమ్మవారి దయ అని టీచరే ముందుగా చెప్పేది.