గుండు తువ్వాలకు గిరాకీ

"అయితే నువ్వు ఆ సాంచెల పక్కనే పండుకో. బువ్వ గూడ అవ్వే పెడ్తయి."

"పెట్టినయి గదా ఇన్నేండ్ల సంది. ఎవలు పెట్టిన్రనుకుంటున్నవు మరి?"

"పెట్టినప్పుడు తిన్నం. ఇప్పుడు పెడ్తలేవు. తుక్కు కొనెటాయన వస్తనన్నడు, రెండూ తీస్కపొమ్మంట."

పై గదిలో హరీష్ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేశాడు. వేములవాడలో ఆ గది అద్దెకు తీసుకున్నప్పటి నుంచి అతనికి ఖర్చు లేని వినోదం కింద ఇంటివాళ్ల పోట్లాటే. ఈసారి మాత్రం ఇంటామె నర్మద గొంతులో కోపం లేదు, తీర్మానం ఉంది. సాంచెలంటే మరమగ్గాలు. అవి పోతే ఆమె భర్త అంబదాస్‌కు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అంబదాస్ జీవితమంతా నేసింది ఒకటే వస్తువు: పల్చటి, మెత్తటి పసుప్పచ్చ నూలు తువ్వాల. ఆ ఊరి దేవుడు రాజన్నకు తలనీలాలు ఇచ్చినవాళ్లు నెత్తికి చుట్టుకునేది. గుడికి వచ్చేవాళ్లు కొబ్బరికాయ తెచ్చుకుంటారు, కొత్త బట్టలు తెచ్చుకుంటారు, చంటిపిల్లకు పాలసీసా కూడా మరచిపోరు. తువ్వాల మాత్రం ఎవరికీ గుర్తుండదు. గుండు అయ్యాక నెత్తి మీద ఎండ దిగుతుంది, చందనం కళ్లలోకి కారుతుంది, అప్పుడు గుర్తొస్తుంది. సరిగ్గా ఆ క్షణానికి తోపుడుబండి మీద అంబదాస్ తువ్వాల రెపరెపలాడుతూ ఉండేది. ఇప్పుడు ఆ బండ్ల మీదికి క్రికెట్ టోపీలు వచ్చాయి. దేవుడికి జుట్టిచ్చినవాడు ఐపీఎల్ టీము పేరు నెత్తిన పెట్టుకుని ఇంటికి పోతున్నాడు.

కింద గొడవ సద్దుమణిగాక అంబదాస్ మెట్లెక్కి వచ్చాడు. దేశంలో ఎవరికేం కావాలో హరీష్ కంప్యూటర్‌లో చూసి చెబుతాడని విన్నాడట. విన్నది నిజమే. ఇంజినీరింగ్ మధ్యలో వదిలేసిన హరీష్‌కు (కాలేజీ కూడా ఆ సంగతి గమనించినట్టు లేదు) అదే బతుకుదెరువు. నలుగురు కలిసి వాడే పాస్‌వర్డ్‌తో ఒక సాఫ్ట్‌వేర్ తెరుస్తాడు. జనం నెలకు ఏ మాట ఎన్నిసార్లు వెతుకుతున్నారో, ఆ సరుకుకు పోటీ ఎంతుందో అది చెబుతుంది. దాన్ని చూసే హుజూరాబాద్ వ్యాపారితో మోకాలి పట్టీలు అమ్మించాడు, చెన్నూరులో ఒకతనితో కుక్కల బెల్టులు. తను మాత్రం కుక్కను చూస్తే అవతలి గట్టున నడిచే రకం.

'గుండు తువ్వాల' అని కొట్టాడు. సున్నా వచ్చింది.

"సున్న అంటే తక్కువ అన్నట్టా?"

"సున్న అంటే సున్ననే కాకా. దేశంల ఒక్కలు గూడ వెతుకుతలేరు."

అంబదాస్ తెరను చూశాడు. భుజం మీది తువ్వాలను చూశాడు. మెట్లు దిగిపోయాడు.

దిగి ఏం చేశాడో హరీష్‌కు చాలా రోజుల దాకా తెలియలేదు. ముందు నర్మద కాళ్లావేళ్లా పడి, ఆ సున్నా కదిలితే శివరాత్రి దాకా సాంచెలు అమ్మకుండా ఆగేలా ఒప్పించాడు. తర్వాత ఫోన్ పట్టుకున్నాడు. భీవండిలో బావమరిది, షోలాపూర్‌లో మేనమామ కొడుకులు, సూరత్‌లో దూరపు చుట్టాలు, సిరిసిల్లలో సగం వాడ. పెళ్లికి పోతే పెళ్లిలో, దినానికి పోతే దినంలో అందరికీ ఒకటే చెప్పాడు: పొద్దున్నే పళ్లు తోముకునే ముందు ఫోన్లో ఒక్కసారి గుండు తువ్వాల అని వెతకండి. సాలోళ్ల ఇజ్జత్, నేసేవాళ్ల పరువు అన్నాడు. వాళ్లు దాన్ని రాజన్న మొక్కుగానే పట్టుకున్నారు. భీవండిలో షిఫ్టు దిగిన కార్మికులు గదికి గది వరుసగా కూర్చుని వెతికారు.

పైన హరీష్ తెర మీద పచ్చబాణం లేచింది. ఎవడూ అమ్మని వస్తువు, అందరూ వెతుకుతున్న వస్తువు! ఇలాంటి దాని కోసమే అతను కాలేజీ మానేసింది. ఊర్ల పేర్లు కూడా సాఫ్ట్‌వేర్ చూపించింది: భీవండి, షోలాపూర్, సూరత్. అన్నీ మగ్గాల ఊర్లే. కాస్త బుర్ర ఉన్నవాడైతే అక్కడ ఆగేవాడు. హరీష్ మాత్రం పశ్చిమ భారతంలో భక్తి పెరుగుతోందని రిపోర్టు రాశాడు. కింద నేసే మనిషి గుర్తుకు రాకపోలేదు. రెండు సాంచెలతో దేశానికేం సరిపోతుందని రిపోర్టును కరీంనగర్ హోల్‌సేల్ వ్యాపారి కైలాసానికి పంపాడు.

కైలాసం ఎక్కడో మిల్లులో లారీ నిండా నేయించి ఆన్‌లైన్‌లో పెట్టాడు. ఒక్క ఆర్డరూ రాలేదు. వెతికేవాళ్లందరూ బట్ట నేసేవాళ్లే, ఎందుకు కొంటారు? విసుగెత్తిన కైలాసం శివరాత్రి ముందర ఆ లారీని తెచ్చి వేములవాడలోనే దించాడు, అంబదాస్ దగ్గర కొనే బండ్లవాళ్లకే, అంబదాస్ చెప్పే ధరకన్నా తక్కువకు. మిల్లు తువ్వాల చందనం పీల్చదు, గుండు మీద నిలవక జారిపోతుంది. అయినా అప్పటికే జుట్టు పోయినవాడు బేరమాడే స్థితిలో ఉండడు.

చుట్టాలతో రోజూ వెతికించిన సంగతంతా హరీష్‌కు నర్మదే చెప్పింది, నీళ్ల బిందె దించుతూ, మామూలుగా. విన్నాక అతను తన రిపోర్టు గురించి చెప్పడానికి నోరు తెరిచాడు, తాగడానికి నీళ్లడిగాడు.

సాయంత్రం అంబదాస్ పైకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. కైలాసానికి ఎవరు చెప్పారని అడగలేదు. తెర వైపు చూసి, ఇప్పుడెంతుందన్నాడు. నిన్నటికంటే ఎక్కువే ఉందని హరీష్ చెప్పాడు.

"సున్న ఉన్నప్పుడే మంచిగుండె బిడ్డా. ఏ షేటూ ఇటు తొంగి చూడలే. మళ్ల సున్న అయితదని మీ చిన్నమ్మకు చెప్పిన, ఉగాది దాక సాంచెలు అమ్మకుంట ఆగుతనన్నది."

"మరి వెతుకుడు బంద్ చెయ్యమని చెప్పు కాకా."

"చెప్పిన. భీవండోళ్లు ఇంటలేరు. మొక్కు నడుమ ఇడిసిపెట్టద్దంటుండ్రు. నువ్వు సదువుకున్నోనివి, నీ మాటింటరు. గీ నంబర్‌కు జర ఫోన్ చేసి చెప్పరాదు, ఇగ ఎవలు మా తువ్వాలను వెతకద్దని."