చెప్పినంకనే నీళ్ళు

మా సార్ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను వర్ధన్నపేట అవతల ఒక పల్లెలో, అంతకుముందు ఎన్నడూ చూడనివాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాను. చేతిలో మా కాలేజీ కరపత్రాలు. ఎండాకాలం డిగ్రీ అడ్మిషన్లు మొదలవగానే లెక్చరర్లందరం ఇలా ఊళ్ళ మీద పడతాం. ఇంటర్ పాసైన పిల్లల ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి, మా కాలేజీలో చేర్పించమని తల్లిదండ్రులను అడుగుతాం. ఆ ఇంటామె స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టింది. ఆమె బిడ్డ గడప దగ్గర నిలబడి కరపత్రం చదువుతోంది. అప్పుడే ఫోన్ మోగింది. సార్ భార్య. మేమంతా అమ్మ అనే పిలుస్తాం.

"మీ సార్ పోయిండు బిడ్డా," అంది. "చాయ్ అడిగిండు. పెట్టుకొచ్చేసరికి లేడు," అంది.

కావలసినవాళ్ళు పోయారని, మళ్ళీ వస్తానని ఆ తల్లీబిడ్డలకు చెప్పి లేచాను. బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది, ఆ నీళ్ళు తాగలేదని. తాగకపోవడమే సరైంది. వాళ్ళకు చెప్పవలసిన మాట నేనింకా చెప్పనే లేదు.

ఆ మాటేమిటో, దానికీ నీళ్ళకూ సంబంధమేమిటో చెబితే మా సార్ ఎవరో మీకు చెప్పినట్టే.

ఆయన హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ చెప్పేవారు. ఇప్పుడు అదే కాలేజీలో, అదే కుర్చీలో కూర్చుని నేను చెబుతున్నాను. హిస్టరీ, పొలిటికల్ సైన్సులతో కలిపి ఫిలాసఫీ ఉండే గ్రూపు మాది. ఆ గ్రూపులో చేరే పిల్లలు ఆయన రోజుల్లోనే పలచబడ్డారు. అందుకే ప్రతి ఎండాకాలం తలకు తువ్వాల చుట్టుకుని ఊళ్ళు తిరిగేవారు. ఏ ఇంట్లో కూర్చున్నా ముందు నీళ్ళు ఇస్తారు కదా. సార్ ఆ గ్లాసు అందుకుని పక్కన పెట్టుకుని, "ఇది చదివితే నౌకరి వస్తదని నేను చెప్పలేను," అనేవారు. అది అన్నాకే నీళ్ళు తాగేవారు. ఎంత ఎండన పడి వచ్చినా అంతే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన వెంట వెళ్ళినప్పుడు, దాహం వేయడం లేదా సార్ అని అడిగాను.

"ఎందుకైతలేదు? అయితాంది. కని నీళ్ళు తాగినంక నోరు మెత్తగైతదమ్మా. వాళ్ళింటి నీళ్ళు కడుపుల పోసుకొని వాళ్ళకు చేదు మాట చెప్పబుద్ధి కాదు. అందుకే చెప్పినంకనే నీళ్ళు."

కొన్ని ఇళ్ళలో ఆ మాట వినగానే పెద్దవాళ్ళు లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. సార్ ఒక్కరే కూర్చుని నీళ్ళన్నీ తాగి, గ్లాసు అరుగు మీద బోర్లించి, "వస్త తల్లీ" అని తలుపు వైపు చెప్పి లేచేవారు. అవమానపడినట్టు కనిపించేవారు కాదు. ఆయన పక్కన నిలబడి అవమానపడింది నేను.

మా ఇంటికీ ఆయన అలాగే వచ్చారు. నాన్న ఎనుమాముల మార్కెట్లో ఒక మిర్చి దుకాణంలో గుమాస్తా. ఆయన బట్టల ఘాటు మాకు అలవాటైపోయింది గానీ, కొత్తవాళ్ళు ఎవరు గడప దాటినా తుమ్ములే. సార్ తుమ్ముతూనే తన మాట చెప్పారు.

"నౌకరి రాదని మీరే అంటానరు. మరెందుకు చదవాలె సార్?" అన్నాడు నాన్న.

సార్ ఇంకోసారి తుమ్మి కళ్ళు తుడుచుకున్నారు. "నాకూ పూర తెల్వదు. ఇన్నేండ్ల సంది చెప్తాన. తెలిసిననాడు ముందుగాల నీకే వచ్చి చెప్త."

నాన్న పగలబడి నవ్వాడు. "గిట్ల మాట్లాడితే మా మార్కెట్ల ఒక్క బస్తా అమ్ముడుపోదు సార్."

"అందుకే నాకాడ బస్తాలన్ని గట్లనే ఉన్నయి," అని సార్ నీళ్ళ గ్లాసు ఎత్తారు.

ఆయన వెళ్ళాక నాన్న మా అమ్మతో అన్న మాట నాకింకా గుర్తుంది. "అన్ని కాలేజీలోల్లు వచ్చిన్రు. అందరు నీ బిడ్డను కలెక్టర్ను చేస్తమన్నరు. ఈయనొక్కడే ఏం చెయ్యనన్నడు. ఈయనకాడ్నే పిల్లను ఏద్దాం." నా చదువు అలా మొదలైంది.

సార్ కాశిబుగ్గలో నేతవాళ్ళ పాత ఇంట్లో అద్దెకు ఉండేవారు. ముందు గదిలో ఒకప్పుడు మగ్గం ఉండేదట. మగ్గం పోయి, నేసే మనిషి కాళ్ళు పెట్టుకునే గుంట మిగిలింది. దాని మీద చెక్కలు పరిచారు. సార్ ఏదైనా ఆలోచిస్తూ ఆ గదిలో తిరిగితే చెక్కల మీదికి వచ్చినప్పుడల్లా అడుగుల చప్పుడు మారేది. ఆదివారాలు మేం అక్కడికి పోయేవాళ్ళం. అడిగినదానికి వెంటనే చెప్పడం ఆయనకు చేతనయ్యేది కాదు. "తొందరేముందమ్మా, ప్రశ్న ఏడికి పోతది? ఈడనే ఉంటది," అనేవారు. ఎన్నాళ్ళకో బస్టాండు రద్దీలో వెనకనుంచి పిలిచి, "మంచిగ బతుకుడు, సుఖంగ బతుకుడు ఒకటేనా అని అడిగినవు గదా. మొన్న నేను కాదన్న. గా మాట తప్పేమొ అనిపిస్తాంది," అనేవారు. నేనేం అడిగానో నేనే మరిచిపోయి ఉండేదాన్ని. ఒక గుమాస్తా బిడ్డ ప్రశ్నను అంత పెద్దమనిషి అన్ని రోజులు మోశాడంటే, ఆ వయసులో అంతకు మించిన గౌరవం నాకెవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు నేను క్లాసులో ఒక ప్రశ్న వేసి నోరు మూయకముందే, ఎవరో ఒకరు ఫోన్లో చూసి జవాబు చదివేస్తారు. తప్పు జవాబని అనలేను. నేను చెప్పేదానికంటే వరుసగా, శుభ్రంగా ఉంటుంది. ఈ మధ్య ఒక పిల్లవాడు నవ్వుతూ, "ఇగ మీరెందుకు మేడం?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సార్ అయితే ఆ ప్రశ్నను ఇంటికి తీసుకెళ్ళి చెక్కల మీద నడిచేవారు. నేనూ ఇంటికి తీసుకెళ్ళాను. జవాబు ఇంకా రాలేదు.

సార్‌ను దవాఖానలో చేర్చినప్పుడు నాకొక ఆశ ఉండేది. ఉద్యోగం ఇవ్వకపోతే పోనీ, జీవితమంతా చదివిన ఆ చదువు కనీసం ఈ మంచం మీద మనిషికి ఆసరా అవుతుందని. ఆ ఒక్క మాట ఆయన నోట వింటే ఊళ్ళలో నేను ధైర్యంగా చెప్పుకోవచ్చు. అడిగేశాను.

ఎప్పటిలాగే వెంటనే చెప్పలేదు. మర్నాడు వెళ్ళేసరికి జవాబు సిద్ధంగా ఉంది.

"నిన్న అడిగినవు గదా. నిజంగనే చూసినమ్మా. పనికి రాలే. నొప్పికి సూది పనిచేస్తాంది. భయానికి మీ అమ్మ చెయ్యి పట్టుకుంటే జర నయమైతాంది. చదివింది యాదికొస్తలేదు. వచ్చినా ఆగుతలేదు."

నా ముఖం ఎలా మారిందో ఏమో. "ఫికర్ చెయ్యకు. నా ఒక్కనికి పనిచెయ్యలేదని ఎవ్వలకు పనిచెయ్యదంటే లాజిక్ తప్పు," అన్నారు. నవ్వబోయారు గానీ దగ్గు వచ్చింది. తర్వాత ఇంటికి తీసుకెళ్ళారు గానీ, ఆయన నాకు చెప్పిన చివరి పాఠం అదే.

కాలేజీలో సంతాపసభ పెట్టారు. మాట్లాడినవాళ్ళలో ఒకరు, సార్ నిజమైన తత్వవేత్త కనుక చిరునవ్వుతో మరణాన్ని ఆహ్వానించారని అన్నారు. నా వంతు వచ్చింది. "సార్ భయపడ్డారు. భయపడుతున్నానని నాతో చెప్పారు," అన్నాను. ఎవరికీ నచ్చలేదని అక్కడే తెలిసిపోయింది. బయటికి రాగానే మా కామర్స్ లెక్చరర్ పట్టుకున్నాడు. మంచివాడే, నా మేలు కోరేవాడే.

"ఏం మేడం, పోయినాయన ఇజ్జత్ తీస్తిరి గదా." ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "సరే గని, ఈసారి పిల్లలు రాకపోతే మీ గ్రూప్ తీసేస్తరట. ఊళ్ళల్లకు పోయినప్పుడు జర సివిల్స్‌కు పనికొస్తదని చెప్పున్రి. అబద్ధం గూడ కాదాయె."

"అబద్ధం కాదు. కానీ ఎంతమందికి?"

"గది వాళ్ళు అడుగరు మేడం."

దినాల రోజు కాశిబుగ్గ ఇంటి నిండా జనం. అటూ ఇటూ తిరిగే కాళ్ళ కింద చెక్కలు చప్పుడవుతూనే ఉన్నాయి. సార్ భార్య నా చెయ్యి పట్టుకుని, "భయపడ్డది నేనొక్కదాన్నే చూసిన అనుకున్న. నీకు గూడ చెప్పిండా?" అంది. చాలాసేపు చెయ్యి వదల్లేదు. తర్వాత నేల చూస్తూ, "ఇల్లుగలాయన గుంట పూడిపిస్తడట. టైల్స్ ఏపిస్తడట," అంది.

సార్ అబద్ధం చెప్పకపోవడం తత్వశాస్త్రం నేర్పిందా, పుట్టుకతో వచ్చిందా అని ఈ రోజుల్లో ఊరికే తవ్వుకుంటున్నాను. మా నాన్నా అబద్ధం ఆడేవాడు కాదు, ఆయన ఏ తత్వమూ చదవలేదు. మరి ఆ చదువు సార్‌కు ఏమిచ్చినట్టు? నాకేమిచ్చినట్టు? ఏది అనుకున్నా దాని వెనకే అనుమానం వస్తోంది. ఆ అనుమానమే ఆ చదువు ఇచ్చిందని అనుకోవచ్చు. దాన్ని తీసుకెళ్ళి ఎవరి బిడ్డ చేతిలో పెట్టమంటారు?

అయినా ఆ పల్లెకు మళ్ళీ వెళ్ళాను. ఆ అమ్మాయి ఏ గ్రూపు పెడితే ఆమె స్నేహితురాళ్ళూ అదే పెడతారని ఊళ్ళో విన్నాను. వాళ్ళంతా వస్తే ఈ ఏటికి గ్రూపు నిలుస్తుంది. అది తప్ప వెళ్ళడానికి నాకు ఇంకో ఇల్లు మిగల్లేదు.

"ఆనాడు నీళ్ళు గూడ తాగకుండ పోతివి మేడం. ఎవరు పోయిన్రు?" అంటూ ఆమె గ్లాసు తెచ్చి అరుగు బండ మీద పెట్టింది.

"మాకు చదువు చెప్పిన సార్."

"అయ్యో." అరుగు అంచున కూర్చుంది. "మరి మేడం, గిది చదివితే మా పిల్లకు ఏం నౌకరి వస్తది?"

అమ్మాయి గడప దగ్గరే నిలబడి నన్ను చూస్తోంది. కామర్స్ లెక్చరర్ ఇచ్చిన వాక్యం నాలుక మీదే ఉంది. గొంతు ఎండిపోయి ఉంది. గ్లాసు చేతికందేంత దూరంలో ఉంది.

"నౌకరి వస్తదని నేను చెప్పలేనమ్మా," అన్నాను.

"మరి గింత ఎండల ఎందుకొచ్చినవు మేడం?" కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలియకే అడిగింది.

తెలియదన్నాను. సార్ ఆ మాట అంటే వినేవాళ్ళకు నవ్వొచ్చేది, ఇంకాసేపు కూర్చోబుద్ధయ్యేది. నేనంటే ఉత్త తెలియకపోవడమే మిగిలింది.

అమ్మాయి లోపలికి వెళ్ళింది. ఫోన్లో ఎవరితోనో, "బీకాం కంప్యూటర్సే పెడ్తానే. నువ్వు గూడ గదే పెట్టు, దానికి గూడ చెప్పు," అనడం వినిపించింది. "తాగి పో మేడం, ఎండ మంచిగ లేదు," అని తల్లి బర్రెను నీడకు కట్టడానికి పెరట్లోకి పోయింది.

గ్లాసు ఎత్తాను. అది ఉన్నచోట బండ మీద గుండ్రంగా తడి. నీళ్ళు అప్పటికే వేడెక్కాయి. నేను తాగుతున్నంతసేపూ ఆ తడి అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వచ్చింది. గ్లాసు దాని పక్కన బోర్లించి, "వస్తానమ్మా" అని తలుపు వైపు చెప్పి లేచేసరికి బండ పొడిగా ఉంది.