కాశయ్య మాల్‌లో రిజ్వానా కూర్చుంది

ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో ఉన్న నాలుగంతస్తుల అద్దాల మాల్‌కు నెత్తిన పెద్ద అక్షరాలతో ఏదో పేరుంది. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. ఆటోవాళ్లకూ కండక్టర్లకూ అది కాశయ్య మాల్. నిజానికి లోపలున్న సరుకులో కాశయ్యకు ఒక్క జేబురుమాలు కూడా సొంతం కాదు. కింద నేల ఒక్కటే ఆయనది.

ఆ మాల్ సెల్లార్‌లో, మెట్ల కింద, చీరలకు ఫాల్ కుట్టే మిషన్ నాది. నా పేరు ప్రమీలాదేవి. పొద్దున మిషన్ ముందు కూర్చుంటే సాయంత్రమే లేస్తాను. ఆ భవనం మొత్తంలో కూర్చుని పనిచేసే ఆడమనిషిని నేనొక్కదాన్నేనని చాలాకాలం గర్వంగా ఉండేది. ఆ గర్వం రిజ్వానా పోగొట్టింది. ఆమెకు పొగరని కొందరంటారు, మొండి ఘటమని కొందరంటారు. అనేవాళ్లలో సగం మంది ఆ రోజు అక్కడ లేరు. నేనున్నాను కాబట్టి నేను చెబుతాను.

మాల్ రాకముందు ఆ జాగాలో కాశయ్య బట్టల దుకాణం ఉండేది. గడప బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లాలి. లోపల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుపు, దాని మీద తెల్ల దుప్పటి. కొనేవాళ్లూ దాని మీదే, అమ్మేవాళ్లూ దాని మీదే. రిజ్వానా తండ్రి జాఫర్ ఆ పరుపు మీద బాసింపట్టు వేసుకుని వయసంతా చీరలు అమ్మాడు. మడత అంచు పట్టుకుని ఒక్క విసురు విసిరాడంటే కొంగు తిన్నగా పెళ్లికూతురి ఒడి ముందుకు వచ్చి పడేది. నా పెళ్లి చీర కూడా అలా పడిందే.

జాఫర్‌కు ఒక పట్టింపు ఉండేది. "పెండ్లి చీర పర్చినంక ఔనో కాదో తేలేదాంక అమ్మేటోడు లేవొద్దు. నడుమల లేస్తే పెండ్లికి మంచిది గాదు" అనేవాడు. అందుకే నమాజు వేళ దగ్గర పడితే కొత్త పెళ్లి బేరం మొదలుపెట్టేవాడు కాదు. వచ్చినవాళ్లకు చాయ్ తెప్పించి, తాను మసీదుకు వెళ్లొచ్చి, అప్పుడు తీరిగ్గా మొదటి చీర విప్పేవాడు. చుట్టుపక్కల ఊళ్ల ముసలమ్మలు ఆ పట్టింపును శాస్త్రంలా నమ్మేవారు. రిజ్వానా చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని చీరలు మడతపెట్టేది. పంక్చర్ దుకాణం నడిపే ముజీబ్‌తో పెళ్లయి అదే ఊళ్లో కాపురం పెట్టాక, ఆడవాళ్ల బేరాలు తానే చూసుకునేది.

రోడ్డు వెడల్పులో దుకాణం ముందు భాగం పోయింది. మిగిలింది కాశయ్యకు సరిపోలేదు. హైదరాబాద్ కంపెనీ ఒకటి వచ్చి, వెనక ఖాళీ జాగాతో కలిపి కిరాయికి తీసుకుని మాల్ కట్టింది. "నా దుకాణపోళ్లకు పని ఇయ్యాలె" అని కాశయ్య ఒక్క షరతు పెట్టాడు. కంపెనీ సరేనంది.

మాల్ తెరిచిన రోజు సినిమా హీరోయిన్ వచ్చి రిబ్బన్ కత్తిరించింది. జనం ఎగబడ్డారు. అయితే అద్దం తలుపు దగ్గరికి రాగానే, ఎవరూ చెప్పకుండానే, ఒక్కొక్కరూ చెప్పులు విడవడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల రాయపోల్ వాళ్లకూ వర్గల్ వాళ్లకూ అది కాశయ్య దుకాణమే. బట్టలు కొనే చోటికి చెప్పులతో ఎలా పోతారు? కాసేపటికి తలుపు ముందు చెప్పులు గుట్టపడ్డాయి. పాపం, ఆ హీరోయిన్‌ను సరుకు దించే దారిన బయటికి పంపారు.

లోపలికి వెళ్లినవాళ్లు పరుపు కోసం చూశారు. లేదు. కుర్చీ కోసం చూశారు. అదీ లేదు. జనం తిరుగుతూ ఉంటేనే కొంటారట, కూర్చుంటే కబుర్లలో పడతారట. అది కంపెనీ లెక్క. కొనేవాళ్లకే లేనప్పుడు అమ్మేవాళ్లకు ఎక్కడిది? మోకాళ్ల నొప్పులతో వచ్చిన కాశయ్య కూడా గోడకు ఆనుకుని నిలబడి, "నా జాగల నన్నే నిలవెట్టిండ్రు" అని గొణుక్కుంటూ పోయాడు.

షరతు ప్రకారం రిజ్వానాకు మూడో అంతస్తులో పట్టుచీరల దగ్గర పని ఇచ్చారు. జాఫర్‌కు మాత్రం సెక్యూరిటీ డ్రెస్ తొడిగి అద్దం తలుపు దగ్గర నిలబెట్టారు. వచ్చేవాళ్లను చెప్పులు విడవనివ్వకపోవడం ఆయన పని.

"చెప్పులు ఇడువకుండ్రమ్మా. ఇది గా దుకాణం గాదు" అని రోజంతా చెప్పేవాడు. ఆయన నోట ఆ మాట వినలేక నేను గబగబా సెల్లార్ మెట్లు దిగిపోయేదాన్ని. ఇంటి నుంచి ఒక ప్లాస్టిక్ స్టూల్ తెచ్చుకుంటే, కెమెరాలో బాగా కనబడటం లేదని అది కూడా తీయించారు. రెండు వానాకాలాలు నిలబడ్డాడు. తర్వాత మంచం పట్టి పోయాడు. దవాఖానలో గుండె జబ్బన్నారు. నిలబెట్టడం వల్లే పోయాడని నేను అనను. అయినా ఆ తలుపు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తండ్రి పోయాక రిజ్వానా మళ్లీ పనికొచ్చింది. చాయ్ వేళకు సెల్లార్‌లోకి దిగి, "అక్కా, జర జరుగు" అంటూ నా బట్టల మూట మీద కాళ్లు చాపుకునేది. పాదాలు ఉబ్బి, పిక్కల మీద నరాలు నీలంగా తేలి ఉండేవి. మూటల మీద కాళ్లు పెట్టొద్దని నేనెవరికైనా చెబుతాను. ఆమెకు చెప్పలేకపోయాను.

మేనేజర్ శైలేందర్ గజ్వేల్ అబ్బాయి. చెడ్డవాడు కాదు, భయస్తుడు. హైదరాబాద్‌లో హెడ్డాఫీసు వాళ్లు కెమెరాల్లో చూస్తూ, ఎవరైనా కూర్చుంటే అతనికి ఫోన్ చేసేవారు. రిజ్వానా వెళ్లి స్టూల్ అడిగింది.

"కూసుంటే కెమెరాల కనవడ్తది అక్కా. నాకు ఫోనొస్తది" అన్నాడు.

"కనవడనీ. దొంగతనం చేస్తున్ననా? కూసుంటున్న."

స్టూల్ రాలేదు. ఆమె ఆగలేదు. గిరాకీ లేనప్పుడు బీరువా కింది అర అంచున కూర్చుంది. ఫోనొచ్చింది, జీతంలో కోత పడింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ కోత. చివరికి, ఇంకోసారి కూర్చుంటే పనిలోంచి తీసేస్తామని చెప్పారు. ముజీబ్ పంక్చర్ దుకాణం మీద పిల్లల చదువులు నడవవు. ఆ ఉద్యోగం పోతే ఇల్లు కష్టమవుతుందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. "జర తగ్గరాదూ" అన్నాను.

"ఎందుకు తగ్గాలె అక్కా? గా నేల మీద మా అబ్బా కూసున్నడు, నేను కూసున్న. నడుమల వచ్చినోళ్లు వాళ్లు" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కారనివ్వలేదు.

పెళ్లిళ్ల రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఫాల్ కుట్టాల్సిన చీరలు తెచ్చుకుందామని మూడో అంతస్తుకు వెళ్లాను. అప్పుడే రాయపోల్ నుంచి ఒక పెళ్లివారు ట్రాలీ ఆటోలో దిగారు. ముందు నడిచింది పెళ్లికూతురి నానమ్మ సుమిత్రమ్మ. చెప్పులు కింద తలుపు దగ్గరే విడిచి వచ్చింది. ఆమెకు చెప్పడం ఎవరి తరం? అటూ ఇటూ చూసి, ఆ నున్నటి బండల మీద చతికిలబడింది.

"బిడ్డా, కింద పర్చు. నిలవడి చూస్తె చీర ఏం తెలుస్తది?" అంది. తర్వాత రిజ్వానా ముఖంలోకి తేరిపార చూసి, "నువ్వు జాఫర్ బిడ్డవు గదా?" అంది.

రిజ్వానా కెమెరా వంక చూసింది. అమ్మకానికి పెట్టిన దుప్పట్లలోంచి ఒక తెల్లది లాగి నేల మీద పరిచింది. చెప్పులు విప్పి, సుమిత్రమ్మకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎర్రంచు చిలకపచ్చ చీర అందుకుని ఒక్క విసురు విసిరింది. కొంగు పెళ్లికూతురి ఒడి ముందు పడింది. నాకు జాఫర్ కళ్ల ముందు కనిపించాడు.

అంతలోనే ఫోన్ చెవికి ఆనించుకుని శైలేందర్ పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, లెవ్వు."

"పెండ్లి చీర పర్చిన. నడుమల లేవద్దు."

"ఈసారి నా చేతుల లేదక్కా. లేవకుంటె రేపటికెల్లి రావద్దంటున్నరు. ఫోన్ల ఉన్నరు."

"రేపటి ముచ్చట రేపు. ఇయ్యాలైతే లేవ."

ఏంది సంగతని సుమిత్రమ్మ అడిగింది. "కూసుంటె పనిలకెల్లి తీసేస్తరట అవ్వా" అంది రిజ్వానా, చీర మడతలు సర్దుతూనే. ముసలమ్మ శైలేందర్‌ను కింది నుంచి పైదాకా చూసింది.

"నా మనుమరాలి పెండ్లి చీర నడుమల లేపుతవా? లేపు, చూస్త." రిజ్వానా వైపు తిరిగి, "ఇది పక్కకు వెట్టు. ఇంకోటి చూపియ్యి" అంది.

ఇక ఆ మధ్యాహ్నం గురించి ఏమని చెప్పను! సుమిత్రమ్మ ఒక చీర ఉల్లిపొట్టు రంగంది. ఒక దాని అంచు తన ఆడబిడ్డ మొహంలా ఉందంది. ఒకటి బరువంది, ఒకటి గాలికి ఎగిరిపోతుందంది. వెంట వచ్చిన ఆడవాళ్లంతా కూర్చున్నారు. పక్క బేరాలకు వచ్చినవాళ్లు కూడా వచ్చి దుప్పటి అంచున చేరారు. చీరలు అందిస్తున్న సల్మా అనే పిల్ల కాసేపు వంగి, కాసేపు మోకాళ్ల మీద నిలబడి, చివరికి తానూ కూర్చుంది. అది చూసి నేనూ మూట పక్కన పడేసి కూర్చున్నాను. ఫోన్ మోగుతూనే ఉంది. పెళ్లివారి బేరం పోగొట్టుకునే ధైర్యం శైలేందర్‌కూ లేదు, ఫోన్లో ఉన్నవాళ్లకూ లేదు.

"నానమ్మా, మొదటిదే మంచిగుంది గదనే" అని పెళ్లికూతురు ఆవలించింది.

"నువ్వు నోరు మూసుకో."

బయట వీధి దీపాలు వెలిగే వేళకు సుమిత్రమ్మ నేల మీద చేతులానించి లేచింది. "మొదలు చూపిచ్చిన చిలకపచ్చదే కట్టుండ్రి" అంది. అందరం తెల్లబోయాం. ఆమె వంగి రిజ్వానా చెంప నిమిరింది. "చూడంగనే ఖాయం చేసిన బిడ్డా. నీ కాళ్లు చూసి ఆగిన."

అప్పుడు ఏడ్చింది రిజ్వానా. తండ్రి పోయినప్పుడు కూడా మా ముందు అలా ఏడవలేదు.

మర్నాడు ఆమెను లోపలికి రానివ్వలేదు. శైలేందర్ తలదించుకుని తలుపు దగ్గరే ఆ మాట చెప్పాడు. ఆమె గొడవపడలేదు. జాఫర్ రోజూ నిలబడిన చోటు చూసుకుని, చెప్పులు విప్పి పక్కన పెట్టి, అక్కడే కూర్చుంది. నేను చాయ్ తీసుకెళ్లి ఇచ్చి పక్కన కూర్చున్నాను. ఆ పూట మిషన్ తీయలేదు. కొనడానికి వచ్చినవాళ్లు మా చెప్పులు చూసి తమవీ విడవసాగారు. కొందరు సంగతి అడిగి లోపలికి వెళ్లారు, కొందరు మాతో కూర్చుండిపోయారు. ఎవరో కబురు చేస్తే కాశయ్య కర్ర పట్టుకుని వచ్చాడు.

"నా షరతు మర్సిన్రా?" అని శైలేందర్‌ను గదిమి, "ఇది నా జాగ. నేను గూడ కూసుంట" అంటూ రిజ్వానా పక్కన కూలబడ్డాడు.

మధ్యాహ్నం ఎండ మీద ఉండగా హైదరాబాద్ నుంచి కారొచ్చింది. అందులోంచి ఇస్త్రీ నలగని ఒక పెద్దాయన దిగాడు. ఇన్నాళ్లూ కెమెరాలో మమ్మల్ని చూసింది ఈయనేనన్నమాట. తలుపు దాకా పోవడానికి చెప్పుల మధ్య ఆయనకు దారి లేదు.

"ఎవరమ్మా నువ్వు? ఇక్కడెందుకు కూర్చున్నావు?"

"జాఫర్ బిడ్డను. మా అబ్బాను గీడ నిలవెట్టిండ్రు. గందుకే గీడ కూసున్న."

"లేచి మాట్లాడు."

"మీరే కూసోని మాట్లాడుండ్రి సార్. జాగ ఉంది" అని ఆమె కాస్త జరిగింది.

ఆయన కాశయ్య వంక చూశాడు. కాశయ్య చూపు తిప్పుకోలేదు. మాతో కూర్చున్న ముసలమ్మలు కొంగులు సర్దుకుని ఇంకా కుదురుగా కూర్చున్నారు. ఎండ నెత్తిన కాలుతోంది. ఆయన కాసేపు నిలబడ్డాడు, ఇంకాసేపు నిలబడ్డాడు. తర్వాత వంగి బూట్ల తాళ్లు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

ఆ వారంలోనే మూడో అంతస్తులో పరుపు పడింది. మీద తెల్ల దుప్పటి, పక్కన "కస్టమర్లకు మాత్రమే" అని ఒక బోర్డు. ఆ బోర్డు కిందే రిజ్వానా కూర్చుని చీరలు విప్పుతోంది. నిన్న చాయ్‌కి కిందికి వచ్చినప్పుడు, "ఇంక సాలు గదా, గెలిచినవ్" అన్నాను.

"ఏం సాలు అక్కా? రెండో అంతస్తుల ప్యాంట్లమ్మే పిల్లలకు కాళ్లు లేవా?" అని, చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి, రెండో అంతస్తుకు వెళ్లింది.