ఒకే ప్రార్థనలో రెండు పేర్లు

ఆళ్లగడ్డలో మా ఆయన యేసుదాసును మొదట అనుమానించింది చర్చివాళ్లే. ఆర్టీసీలో కండక్టరు చేసి రిటైరైనవాడు, పైగా పెళ్లాం ఉన్నవాడు, డీకన్ పట్టం ఎలా తీసుకుంటాడని. మా కతోలికుల్లో ఫాదర్లు పెళ్లి చేసుకోరు. పెళ్లయిన మగవాడు ఫాదరుకు తోడుగా ఈ పట్టం పొందవచ్చని మా వైపు చాలామందికి తెలియదు. పీఠం పక్కన తెల్ల అంగీతో నిలబడితే, వెనక బెంచీ నుంచి రంగమ్మ "సగం ఫాదరు" అనేది, వినబడేట్టుగానే. ఆయన కూడా తక్కువవాడు కాదు. చర్చిలో పూజ అయ్యాక ఆమె దగ్గరికి పోయి, "మిగతా సగానికి టికెట్ నువ్వు తీసుకున్యావా రంగమ్మక్కా?" అన్నాడు.

డీకన్ పూజ చెప్పలేడు, జనం పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం వినలేడు. బాప్తిస్మం ఇవ్వవచ్చు, పెళ్లి జరిపించవచ్చు, చనిపోయినవాళ్లను సాగనంపవచ్చు. రుద్రవరం దాకా పోయి మంచం పట్టినవాళ్లకు సత్ప్రసాదం ఇచ్చి వచ్చేవాడు. ముసలివాళ్లను ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. శనివారం మాత్రం నంద్యాల సబ్ జైలు.

అసలు అనుమానం అక్కడ మొదలైంది. అజయ్ కుమార్ మా చర్చి పిల్లవాడు, బొమ్మల షెడ్డులో రాయి చెక్కేవాడు. మా ఎదురింటి సుగుణమ్మ కొడుకు రాజశేఖర్ వాడికి స్నేహితుడు. ఇద్దరూ కలిసి అవుకు రిజర్వాయరుకు పోయారు. అజయ్ ఒక్కడే తిరిగొచ్చాడు. నీళ్లలోకి తోసేశాడని కేసు. అంతకుముందు షెడ్డు దగ్గర ఇద్దరూ చొక్కాలు పట్టుకోవడం చూసినవాళ్లున్నారు.

మా ప్రాంతంలో, జైల్లో ఉన్నవాడి దగ్గరికీ చనిపోయినవాడి ఇంటికీ ఒకే మనిషి తిరుగుతున్నాడంటే, వాడు రాజీ కుదిర్చేవాడే. సాక్షులు కోర్టులో నోరు విప్పకుండా ముందే మాట్లాడిపెట్టేవాడు. ఇంకో రకం మనిషి ఉంటాడని ఎవరూ అనుకోరు. మా ఆయనేమో శనివారం జైలుకు పోతాడు, తెల్లారి సుగుణమ్మ గడప దగ్గర కూర్చుంటాడు. ఆయన వస్తుంటే టీ కొట్టులో మాటలు ఆగిపోయేవి.

దానికి తోడు ఒక తప్పు చేశాడు. పూజలో విశ్వాసుల ప్రార్థన చదవడం డీకన్ పని. ఒక ఆదివారం, "రాజశేఖర్ ఆత్మ కోసం, చెరలో ఉన్న అజయ్ కుమార్ కోసం ప్రార్థిద్దాం" అని ఒకే ఊపిరిలో చదివాడు. చర్చి మైకు వీధంతా వినిపిస్తుంది. ఆయనకది ప్రార్థన. వీధికి మాత్రం రాజీ కుదిరిందన్న చాటింపు.

మేం ఇంటికి చేరేసరికి సుగుణమ్మ రోడ్డు మీదే నిలబడి ఉంది.

"ఏందప్పా, నా కొడుకు పేరూ వాని పేరూ కలిపి చదువుతాండావ్? ఎవురు జెప్పినారు నీకు?"

"ఎవురూ జెప్పలేదుక్కా. ఇద్దరికీ దేవుని తోడు గావాలని..."

"నా కొడుక్కి నీ దేవుని తోడేల? ఆ అజయ్ గానికి బెయిలు గావాల, దానికి నీ నోరు! మీవాళ్లు పాపాలు ఒప్పుకుంటారంట గదా. తోసినా అని ఒప్పుకున్యాడా, లేదా?"

"ఆ ఒప్పుకోలు ఇనేది ఫాదరుక్కా, నేను గాదు. నాతో ఊరికే మాట్లాడినాడు."

"ఏం మాట్లాడినాడు?"

"నేను జెప్తే రాజీకొచ్చినాడంటావ్. నాతో నంద్యాలకు రా. వాన్నే అడుగు."

"వాని మొగం జూస్తే రాజీ అయినట్టే. నన్ను ఇరికిచ్చాలని జూస్తాండావ్. పో ఈడ్నించి!"

నాకూ అనుమానమే. జైలు నుంచి వచ్చిన రోజు కంచం ముందు ఊరికే కూర్చునేవాడు. నాకైనా చెప్పమంటే, "చెప్తే రోజూ ఆమె మొగం ఎట్ల జూస్తావ్?" అనేవాడు. తోశాడనే చెప్పి ఉంటాడా? లేకుంటే నా దగ్గర దాచడం దేనికి?

మొన్న వేసవిలో ఆయన గుండె ఆగింది. వంకీకి తగిలించిన ఆయన చొక్కా ఉతకడానికి నాకింకా చేతులు రావడం లేదు.

కొద్ది రోజులకు సుగుణమ్మ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"టీచరమ్మా, నీకు జెప్పింటాడు గదా?"

"లేదక్కా."

"మొగుడూ పెళ్లాలు. జెప్పకుండా ఉంటాడా?"

"నిజంగా చెప్పలేదు."

నా మొహంలోకి చాలాసేపు చూసింది. నమ్మలేదు. కానీ ఇంకెవర్నీ అడగడానికి లేదు.

"నంద్యాల బస్సు ఎప్పుడుంది?" అంది.

జైల్లో ములాఖత్ కిటికీ దగ్గర ఆమెను చూసి అజయ్ వెనక్కి జరిగాడు. నన్ను చూసి, "అన్న యాడ?" అన్నాడు. ఆయన పోయాడని చెప్పాను. ఊచలకు తల ఆనించాడు. సుగుణమ్మ వాణ్ని ఏడవనివ్వలేదు.

"అది తర్వాత. తోసినావా?"

"లేదు పెద్దమ్మా. మెట్టు మీద పాచి. జారినాడు. చెయ్యి పట్టుకున్యా. ఈత రాదు నాకు. నన్నూ లోపలికి లాగుతాంటే... ఇడిసిపెట్టినా."

"ఇడిసిపెట్టినావా?"

"ఇడిసిపెట్టినా. అన్నకు అదే జెప్పినా. ఆమెకు నువ్వు జెప్పన్నా అంటే, నువ్వే జెప్పాల అన్యాడు."

టైమయిందని వార్డరు పిలిచాడు. సుగుణమ్మ ఊచలు వదల్లేదు.

"మళ్లా వస్తా. ఇదే మాట మళ్లా జెప్పాల. రోంత మారినా అబద్ధమని తెలుస్తాది నాకు."

ఇప్పటికీ పోతోంది. నేనూ తోడు పోతున్నాను. పోయిన ప్రతిసారీ అదే అడుగుతుంది, వాడు అదే చెబుతాడు. పోయినసారి మాత్రం తోసినావా అని అడగలేదు. ఆ మెట్లు దిగేముందు వాళ్లిద్దరూ ఏమన్నా తిన్నారా అని అడిగింది.