డబ్బాలో తెల్ల మొక్కజొన్నలు

"పిడికెడు తీశావా?" అన్నాడు మా ఆయన ఫోన్‌లో.

"తీశాలే. ఇక పెట్టెయ్యి, ఎసరు పొంగుతోంది" అన్నాను.

మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. నేను చెప్పింది అబద్ధం.

దెయ్యాలున్నాయనీ, పోయినవాళ్లు వస్తారనీ నేనెప్పుడూ నమ్మలేదు. మిరపచేల నుంచి సమాధుల పక్క డొంకలో ఒంటరిగా నడిచొచ్చే మనిషిని. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు సుజాత రాస్తోంది.

మాది గురజాల దగ్గర పల్లె. మా సంఘంలో ఆడవాళ్లం అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తాం. నెలకోసారి పాస్టరమ్మ వచ్చి తీసుకుపోతుంది. దూరాన సేవ చేసేవాళ్లకి అది పోతుంది.

మా ఆయన దానియేలు ముప్పై ఏళ్లకే సువార్త పని మీద ఆఫ్రికాలో మలావీ దేశం వెళ్లాడు. రోజూ నేను పొయ్యి దగ్గరున్నప్పుడు ఫోన్ చేసేవాడు. పొద్దున్నే చొక్కా తనే ఉతుక్కునేవాడట. ఎర్రమట్టి బాటలో ఇల్లిల్లూ తిరిగి జబ్బుపడ్డవాళ్ల కోసం ప్రార్థన చేసేవాడట. అక్కడి ఆడవాళ్లకి కూడా మన పిడికెడు అలవాటు నేర్పాడు. వాళ్లకి బియ్యం తక్కువ. తెల్ల మొక్కజొన్నలు తీసేవాళ్లు.

"గోంగూర లేని దేశానికి పంపాడే దేవుడు. ఇంతకన్నా శోధన ఏముంది?" అనేవాడు.

"ఎవరు పొమ్మన్నారయ్యా నిన్ను?" అనేదాన్ని.

ఒక్కోరోజు నవ్వేవాడు కాదు. "ప్రార్థనలో మాట రావడంలేదే. చానా ఒంటరిగా ఉంది. నువ్వక్కడ తీసే పిడికెడే నన్ను నిలబెడతాంది" అన్నాడు ఒకసారి.

ఆ ఏడు మిరపకి తెగులొచ్చి కూలి పనులు లేవు. నేను పిడికెడు తీయడం మానేశాను. మనిషినే ఇచ్చాను, బియ్యం కూడానా అనుకున్నాను. డబ్బా కడిగి, ఎండలో ఆరబెట్టి, మూతపెట్టి అటక మీద పడేశాను. పాస్టరమ్మకి వచ్చే నెల ఇస్తానని చెప్పాను. ఆయన అడిగినప్పుడల్లా తీశానన్నాను. మూడు నెలలు అట్లా గడిచింది.

ఆ ఆఖరి మాటల తర్వాత ఫోన్ రాలేదు. నాలుగో రోజు ఆయనతో సువార్త పని చేసే ఇంకో సేవకుడు చేశాడు. చలిజ్వరం వచ్చిందట. ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయాడట. అక్కడే సమాధి చేశారు. ఫోన్‌లో ఒక మట్టిదిబ్బ చూపించారు. ఆయన బట్టల పెట్టె ఇప్పటికీ రాలేదు.

జ్ఞాపకార్థ కూడికకి గిన్నెలు కావాలని అటకెక్కాను. డబ్బా బరువుగా తగిలింది. ఆ మూత గరిటె కాడతో లేపితే గాని రాదు. లేపాను. సగానికి మొక్కజొన్నలున్నాయి. తెల్లవి.

నేను ఒక్కదాన్నే ఉంటాను. తాళంచెవి నా బొడ్లోనే ఉంటుంది. ఆ దేశం నుంచి ఎవరూ రాలేదు. మా ఆడపడుచు చూసి, "ఎలకలు మోసుకొచ్చాయేమో వదినా" అంది.

"మూత కూడా ఎలకలే పెట్టాయా?" అన్నాను.

నాలుగు గింజలు కొంగున కట్టుకుని విత్తనాల కొట్టుకి వెళ్లాను. కొట్టాయన అరచేతిలో పోసుకుని చూశాడు. "ఇటు మనోళ్లు వేసేదంతా పసుపురంగుదేనమ్మా. ఏడ తెచ్చావు ఇయ్యి?" అన్నాడు.

పాస్టరమ్మ అది ఆశీర్వాదమంది. నాకట్లా అనిపించలేదు. నేను తీయని పిడికెళ్లు ఆయనే తీశాడేమో అనిపించింది. ఆ మనిషి తిన్నాడో లేదో.

దేవుడు పంపిన గింజలైతే పురుగు పట్టదనుకున్నాను. పట్టింది. ఇప్పుడు డబ్బా అడుగున పిండే మిగిలింది. పారబోయలేను. ప్రార్థనకి మోకరిస్తే నాకూ మాట రావడంలేదు. బియ్యం మాత్రం మళ్లీ తీస్తున్నాను. అడిగే మనిషి లేడు.

అవి ఎట్లా వచ్చాయో ఇప్పటికీ నాకు తెలియదు.

సుజాతా, రాసింది ఒకసారి చదవవే. మొదటి నుంచి చదువు. ఆయన అడిగిన మాట చదివి ఆగు. నా జవాబు చదవొద్దు.