పగడాల తొట్టిలో మా అత్తమ్మ సున్నం

మా ఆయన రెండేళ్లుగా పెంచుకుంటున్న పగడాల తొట్టిలో నేను మూడు చెంచాల సున్నం పోశాను. మా అత్తమ్మ ఆకువక్కలోకి వాడుకునే సున్నం. పొరపాటున కాదు, తెలిసే పోశాను. ఇరవై రెండేళ్లుగా పీయూ పిల్లలకు, అంటే మీ ఇంటర్ పిల్లలకు, కెమిస్ట్రీ చెప్తున్న మనిషిని, తెలియకుండా ఏ పనీ చేయను కదా!

ముందు ఆ తొట్టి సంగతి. మాది బీదర్. ఎటు బయల్దేరినా సముద్రం ఒక రాత్రి ప్రయాణం. మా ఆయనది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన మోటార్లు బాగుచేసే మనిషికి సముద్రం మీద మనసెందుకు పడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. హైదరాబాదులో ఇంట్లోనే పగడాలు పెంచే స్నేహితుడొకడు గోరంత ముక్కలు మూడు ఇచ్చాడు. ఇక చూడండి! ఉప్పు కలిపిన నీళ్లు, నీలం లైట్లు, అలలు పుట్టించే పంపు, తోడుకు రెండు చేపలు. నా వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టడానికి ఏడాది పట్టింది గానీ, హాల్లో అలలు మాత్రం వారంలో వచ్చేశాయి.

ఇప్పుడు అవి మూడు జాతులు. ఒకటి ఆకుపచ్చ వేళ్లు ఊపుతుంది. ఒకటి నారింజ రంగు బొత్తాల గుత్తి. ఇంకొకటి ఊదారంగు పుట్టగొడుగు. లైటు వేస్తే విచ్చుకుంటాయి, తీసేస్తే ముడుచుకుంటాయి. మిగతా టైమంతా ఏమీ చేయవు. "ఇవి జంతువులు" అంటాడు మా ఆయన. కదలవు, అడిగితే పలకవు. అలాంటివాళ్లు నా క్లాసులో చాలామంది ఉన్నారు, వాళ్లకు నేను నీలం లైట్లు పెట్టడం లేదు.

మొన్నొక బుధవారం భాల్కి దాల్ మిల్లులో మోటార్లు కాలిపోయాయని ఫోనొచ్చింది. మూడు రోజుల పని, శనివారానికి గానీ రాడు. బయల్దేరుతూ నాకు పాఠం మొదలుపెట్టాడు.

"ఇగో, తొట్టిల నీళ్లు రోజు కొంచెం ఆవిరైతయి. దానికి బదులు ఈ క్యాన్ల నీళ్లు పొయ్యాలె. సుక్క సుక్కగ."

క్యాన్లో తెల్లపొడి కలిపిన నీళ్లు. దానికి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించే గొట్టం తగిలించాడు.

"పొడి అయిపోతే?"

"ఊకె ఫిల్టర్ నీళ్లు పొయ్యి. నేనొచ్చి చూస్కుంట. ఆ ఊదాది పైలం. బీదర్ల బతకదన్నరు అందరు. గిప్పుడు పిల్ల పెట్టింది, చూసినవా?"

చూశాను. పుట్టగొడుగు పక్కన పెసరగింజంత ఊదా చుక్క. మా పెళ్లినాడు కూడా ఆయన ముఖంలో అంత వెలుగు లేదు.

శుక్రవారం పొద్దున పొడి అయిపోయింది. ఖాళీ డబ్బా మీద చదివాను: కాల్షియం హైడ్రాక్సైడ్. నవ్వొచ్చింది. ఇది సున్నం కదయ్యా! హైదరాబాదు నుంచి తెప్పించుకునే ఈ దివ్యచూర్ణం మా అత్తమ్మ సీసాలో ఆరు నెలలకు సరిపడా ఉంది! రాళ్లు తెచ్చి తనే నానబెట్టుకుంటుంది. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు మూడు చెంచాలు తీసి మగ్గులో కలిపాను.

మరి చుక్క చుక్కగా ఎందుకు పోయలేదంటారా? ఆ సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. శుక్రవారానికి ఒక ఇంట్లో జరుగుతుంది, ఈసారి మా వంతు. ముప్పై మంది వస్తారు. హాలు మధ్యలో సెలైన్ గొట్టం వేలాడుతుంటే ఇక్కడ పేషెంటు ఎవరని అడుగుతారు. అందుకే కాలేజీ నుంచి వచ్చి, నాలుగున్నరకు మగ్గు మొత్తం ఒక్కసారే పోసేశాను.

తొట్టి మజ్జిగైపోయింది. మజ్జిగంటే మజ్జిగే! చేపలు రెండూ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. పగడాలు గబగబా ముడుచుకోవడం మాత్రం ఆ తెలుపులోనూ కనిపించింది. నీళ్ల ఘాటు చూసే మీటరు పెట్టాను. ఎనిమిదీ పాయింట్ రెండు ఉండాలి. తొమ్మిది దాటింది.

ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ "నేను కెమిస్ట్రీ లెక్చరర్ని, నీ పగడాలను సున్నంలో ముంచాను" అని ఏ నోటితో చెప్పను?

ఆలోచించాను. సున్నపు ఘాటు విరగాలంటే కార్బన్ డయాక్సైడ్ కావాలి. అది ఎక్కడుంది? నా ఊపిరిలోనే ఉంది! సెలైన్ గొట్టం ఒక కొస తొట్టిలో, ఒక కొస నోట్లో పెట్టుకుని ఊదడం మొదలుపెట్టాను. పది నిమిషాలకు కళ్లు తిరిగాయి.

వెనక నుంచి అత్తమ్మ: "ఏందే, చేపలకు ఊపిరి పోస్తున్నవా?"

"కెమిస్ట్రీ, అత్తమ్మా."

"ఆహా. నా సున్నం సీస సగం ఖాళీ అయింది, చూసినవా?"

"లేదు."

మీటరు ఇసుమంత దిగింది. ఒక మనిషి ఊపిరికి ఇంత దిగితే, ముప్పై మంది ఊపిరికి? అదీ మూసిన గదిలో? అదీ పాడుతూ?

కిటికీలన్నీ బిగించాను. ఫ్యాన్లు ఆపాను. తొట్టిలోకి గాలి పంపే పంపు ఫుల్లుగా పెట్టాను.

ఆరుకల్లా జనం వచ్చారు. పక్కింటి రత్నమ్మక్క తొట్టి చూసి ఆగిపోయింది. "టీచరమ్మా, చేపలకు పాలు పోసిన్రా?"

"కడుగుతున్న అక్కా."

పాస్టరయ్య చెమట తుడుచుకుంటూ అడిగాడు. "అమ్మా, కిటికీలు?"

"బయట బండ్ల చప్పుడయ్యగారు."

"ఫ్యాన్?"

"పాటల పుస్తకాల పేజీలు ఎగురుతున్నయి."

ఇక్కడొక మాట చెప్పాలి. కూడికలో గడియారం చూసే మనిషిని నేను. రెండు పాటలు, ఒక వాక్యం, ఒక ప్రార్థన, చాయ్, అంతే. ఆ సంగతి పాస్టరయ్యకూ తెలుసు. అలాంటిది రెండో పాట అవ్వగానే, "ఇంకొకటి పాడుదం అయ్యగారు" అన్నాను. మూడోది అయ్యాక, "అన్ని చరణాలు పాడుదం" అన్నాను. నాలుగోదానికి, "నిలబడి, చప్పట్లు కొట్టుకుంట పాడుదం!" నిలబడితే ఊపిరి ఎక్కువ ఆడుతుంది, చప్పట్లు కొడితే ఇంకా ఎక్కువ. పాటకూ పాటకూ మధ్య కళ్లు మూసుకున్నట్టు తల వంచి మీటరు చూస్తున్నాను. ఎనిమిదీ పాయింట్ తొమ్మిది. ఎనిమిదీ పాయింట్ ఏడు. "హల్లెలూయా!" అన్నాను, మనస్ఫూర్తిగా.

పాస్టరయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. చెమట కూడా అయ్యుండొచ్చు.

ఏడో పాటలో మా ఆయన దిగాడు, ఒకరోజు ముందే! చెప్పులు విడిచి, తలుపు బార్లా తెరిచాడు.

"తలుపు మూయుండ్రి!" అని అరిచాను. పాట ఆగిపోయింది. "మీరు పాడుండ్రి!" అని మళ్లీ అరిచాను.

అందరూ వెళ్లేముందు పాస్టరయ్య ప్రకటించాడు. "టీచరమ్మల గొప్ప మార్పు వచ్చింది. ఈ ఆదివారం సంఘం ముందర సాక్ష్యం చెప్పాలె."

ఇల్లు ఖాళీ అయ్యాక మా ఆయన తొట్టి ముందు కూర్చున్నాడు. మజ్జిగ పలచబడి పొగమంచైంది. మీటరు సరిగ్గానే ఉంది. "నీళ్లెందుకు గిట్లయినయి?"

"ముప్పై మంది ఊపిరి" అన్నాను. సగం నిజం.

శనివారం ఆకుపచ్చది వేళ్లు చాపింది, బొత్తాలు విచ్చుకున్నాయి. ఊదాది మాత్రం ఎండుద్రాక్షలా ముడుచుకునే ఉంది. పిల్ల కనబడలేదు. ఆయన షాపు తెరవలేదు. స్టూలు మీద కూర్చున్నాడు. పక్కన చాయ్ చల్లారిపోయింది.

"తప్పు నాదే" అన్నాడు. "దాన్ని ఇడ్సి భాల్కి పోవద్దుండె."

చెప్పాలనుకున్నాను. ఇరవై రెండేళ్ల కెమిస్ట్రీ చెప్పనివ్వలేదు. చల్లారిన చాయ్ మళ్లీ వేడి చేసి తెచ్చాను.

ఆదివారం సంఘం ముందు నిలబడ్డాను. రెండు వాక్యాలు బట్టీపట్టాను. మగవాళ్ల వైపు ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. అది చూశాక బట్టీపట్టినవి పోయాయి.

"దేవుడు మా ఇంట్ల రెండు పగడాలను, రెండు చేపలను కాపాడిండు, మూడో పగడం ఇంక ఆ దేవుని చేతులనే ఉంది" అన్నాను. "ఎవరి నుంచి? నా నుంచి." ఇక మగ్గు, చెంచాలు, కిటికీలు, చప్పట్లు, అన్నీ చెప్పాను. ఏ పాటకు మీటరు ఎంత దిగిందో కూడా చెప్పాను. పాస్టరయ్య మొహం చూడలేకపోయాను.

ఆడవాళ్ల వైపు నుంచి మా అత్తమ్మ గొంతు: "అంటె నా సున్నం దొంగవు నువ్వేనా!"

అప్పుడు నవ్వింది సంఘమంతా. అందరికంటే గట్టిగా మా ఆయన నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వాడు.

తొమ్మిదో రోజు ఊదాది విచ్చుకుంది. దాని అంచు కింద పెసరగింజ కూడా ఉంది, క్షేమంగా.

సాక్ష్యం చెప్పిన ఆదివారమే చర్చి మెట్లు దిగుతూ ఒక నిర్ణయం తీసుకున్నాను. ఆ తొట్టి దగ్గరికి నా చెయ్యీ పోదు, నా కెమిస్ట్రీ కూడా పోదు. నాలుగు నెలలైంది. పోయిన నెల ఆయన కమలనగర్ పనికి వెళ్తూ క్యాన్ మా అత్తమ్మకు అప్పజెప్పాడు. ఆమెకు అక్షరం ముక్క రాదు. సుక్క సుక్కగా పొయ్యమంటే, సుక్క సుక్కగానే పోసింది.

నేను లేచి ఒక్కసారి మీటరు చూద్దామనుకున్నాను.

"టీచరమ్మా, నువ్వు జర దూరం కూసో" అంది.

దూరంగానే కూర్చున్నాను.