సంబంధం అడగవచ్చిన సర్పంచమ్మ

శనివారం, పొద్దున పదకొండు గంటలు. నాచారంలో నేను చాయ్ పెట్టే బట్టల కంపెనీకి ఒక పల్లెటూరి సర్పంచమ్మ వచ్చింది. కప్పు అందిస్తే పక్కకు జరిపింది.

"సంబంధం అడగొచ్చిన అక్కా. మాట కుదిరేదాక నీళ్లు గూడ ముట్ట."

ఏ కంపెనీకి పోయినా ఆమెది అదే వరసట. ఆమె అడిగేది పిల్లను కాదు, తన ఊరికి ఒక కుట్టు యూనిట్‌ను. షెడ్డు, కరెంటు సిద్ధమంది.

మా కంపెనీ ఓనరు సేటు నవ్వాడు. "మీ పల్లెల మిషన్ పనొచ్చినోళ్లు ఏడ దొరుకుతరమ్మా?"

ఆమె తిన్నగా మిషన్ల హాల్లోకి నడిచింది. "మనూరోళ్లు జర లేవున్రి!"

రోజూ ఆమె ఊరి నుంచి చీకటితోనే బస్సెక్కి ఉప్పల్‌లో దిగి వచ్చే ఆడవాళ్లు, పని పోతుందని భయపడుతూనే, ముందు వరసంతా లేచారు.

"సూడు సేటూ. వీళ్ల పిల్లలు తల్లి మొఖం ఆదివారమే జూస్తున్రు. పని మా ఊరికే రావాలె."

"కూసోన్రమ్మా," అన్నాడు సేటు. ఎవరూ కూర్చోలేదు. చివరికి, "సోమారం వచ్చి షెడ్డు జూస్త," అన్నాడు. అప్పుడు ఆమె చాయ్ కప్పు అందుకుంది.

అంత మొండి మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ రోజు దీనికి సాక్షులం సేటు, సూపర్‌వైజర్ యాదగిరి, నేను. నిలబడ్డది రేణుక, మణెమ్మ, స్వరూప, బాలమణి, ఇద్దరు లక్ష్ములు.